సాహసయాత్ర నవల రాయడం ఎలా: దారి లెక్క, తోడు, తెగువ

మాయాఖడ్గం కోసం నలుగురు బయల్దేరతారు. రెండో అధ్యాయానికల్లా ప్రాణస్నేహితులైపోతారు. ఆఖర్న ఒకరు మిగతావాళ్ళ కోసం ప్రాణాలిచ్చేస్తారు. పాఠకుడు మాత్రం ఇంకా ఎన్ని పేజీలున్నాయో చూసుకుంటాడు. ఇలాంటి రాతప్రతుల్లో లోపం పాత్రల్లో కంటే దారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ దారిలో ఎవరికీ ఆకలి వెయ్యదు, భుజాలు ఒరుసుకుపోవు, నీళ్ళు అయిపోవు. ఖర్చే లేని దారిలో ఒకరు ఇంకొకరికి ఇవ్వడానికి ఏముంటుంది? అందుకే పని దారి లెక్కతో మొదలుపెట్టాలి. స్నేహమైనా తెగువైనా ఆ లెక్కలోంచే పుట్టుకొస్తాయి.

ముందు దారి

పటం మీద ఊళ్ళకు పేర్లు పెట్టే ముందు వాటి మధ్య దూరాలు రాసుకోండి. కథలో ఆమడలూ కోసులూ వాడుకోవచ్చు గానీ మీ నోట్‌బుక్‌లో మాత్రం కిలోమీటర్లే ఉండాలి. లేకపోతే మూడో నెలకల్లా మీ లెక్క మీకే తప్పుతుంది. మంచి బాట మీద మూటతో రోజుల తరబడి నడిచే మనిషి రోజుకు 20 నుంచి 25 కిలోమీటర్లు వెళ్తాడు. కొండదారిలో అది 10, 15కి పడిపోతుంది. ఎక్కుడు ఉన్నచోట స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. ఆ లెక్కన 15 కిలోమీటర్ల దారిలో 1200 మీటర్లు ఎక్కాల్సిన కనుమకు ఎక్కడా ఆగకపోయినా 5 గంటలు పడుతుంది. బృందంలో ముసలాయన ఉంటే ఎనిమిది వేసుకోండి.

గుర్రాలు ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. గుర్రం మామూలు నడక గంటకు 6, 7 కిలోమీటర్లే. పూర్తి దౌడు రెండు మూడు కిలోమీటర్లకు మించి సాగదు. వారాల తరబడి సాగే ప్రయాణంలో రోజుకు 40, 50 కిలోమీటర్లు నడిచిందంటే అది మంచి గుర్రమే. 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 10 కిలోల మేత, 25 నుంచి 45 లీటర్ల నీళ్ళు కావాలి. మేత వెంట తీసుకెళ్ళకపోతే అది మేయడానికి రోజూ గంటలకు గంటలు వదిలిపెట్టాలి. రాత్రంతా దౌడు తీసి తెల్లారగానే మళ్ళీ యుద్ధంలోకి దూకే గుర్రాన్ని చూడగానే గుర్రాలు తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

ఇక మోత. తిండి మనిషికి రోజుకు కిలో లోపు సరిపోతుంది. నీళ్ళు ఎండలో నడిచేవాడికి కనీసం 4 లీటర్లు, అంటే 4 కిలోలు. ఒంటిచేతి కత్తి కిలోపావు ఉంటుంది, గొలుసు కవచం 10, 12 కిలోలు, ఒళ్ళంతా కప్పే ఉక్కు కవచమైతే 20 నుంచి 25. అలవాటున్న బలమైన మనిషికి కూడా తన బరువులో మూడోవంతుకు మించి రోజుల తరబడి మొయ్యడం కష్టమే.

ఈ అంకెలు కథను ఎలా కదిలిస్తాయో చూడటానికి ఒక చిన్న బృందాన్ని ఊహించుకుందాం. కొలువు వదిలేసిన సైనికుడు రుద్రసేనుడు, మూలికల వైద్యం తెలిసిన నాగవల్లి, దారి తెలిసిన గొర్రెల కాపరి మల్లన్న తాత, పదమూడేళ్ళ దొంగపిల్ల చిలక. కొండ అవతలి ఊరికి మందు చేర్చాలంటే అయిదు రోజుల ఎడారి దాటాలి, మధ్యలో బావి లేదు. నలుగురికి రోజుకు 4 లీటర్ల చొప్పున 80 లీటర్లు, అంటే 80 కిలోలు. తాత 12, చిలక 12, నాగవల్లి 22 మోస్తే రుద్రసేనుడి వాటా 34. కవచంతో కలిపి అది మొయ్యలేడు, కాబట్టి కవచం వదిలేసి రావాలి. కంచర గాడిదను తీసుకెళ్తే? అది 80 కిలోలు మోస్తుంది కానీ రోజుకు 20 లీటర్లు తాగుతుంది. అయిదు రోజులకు దాని నీళ్ళే 100 లీటర్లు. మోసేదానికంటే తాగేదే ఎక్కువ.

మీరు ఇంకా ఒక్క వాక్యం కూడా రాయలేదు. అప్పుడే ఒక సైనికుడు ముసలాయన దాహం కోసం తన రక్షణ వదులుకున్నాడు, బందిపోట్లు ఎదురుపడితే ఆ వదులుకోవడానికి ఫలితం ఉంటుంది. ప్రయాణంలో ప్రతి మజిలీకి ఇలాంటి లెక్క ఒకటి వేసుకోండి. అది పుస్తకంలో కనబడక్కర్లేదు.

ఎంతమంది

నలుగురు, మహా అయితే అయిదుగురు. కారణం జంటలు. ఇద్దరిద్దరి మధ్య ఉండే సంబంధాలను లెక్కపెడితే నలుగురికి 6 వస్తాయి, అయిదుగురికి 10, ఆరుగురికి 15, తొమ్మిదిమందికి 36. ప్రతి జంటకూ కనీసం రెండు మూడు సన్నివేశాలు ఇస్తే తప్ప ఆ సంబంధం మారినట్టు అనిపించదు. తొమ్మిదిమందితో బయల్దేరితే వంద సన్నివేశాలు వాటికే పోతాయి. పెద్ద బృందమే కావాలనుకుంటే తొందరగా విడగొట్టి, ముగ్గురు నలుగురి గుంపులుగా నడిపించండి.

మనుషుల్ని ఎంచుకునేటప్పుడు ఒకడు కత్తి, ఒకడు విల్లు, ఒకడు మంత్రం అంటూ విద్యలు పంచిపెట్టడం తేలిక. దాంతో బృందం కుదురుతుంది గానీ గొడవలు రావు. ఒకే పని ఇద్దరికి తెలిసి, దాన్ని వేర్వేరు పద్ధతుల్లో చేసేలా చూడండి. దారి మల్లన్న తాతకు నక్షత్రాలను బట్టి తెలుసు, రుద్రసేనుడికి సైన్యపు పటాలను బట్టి తెలుసు. పటం, నక్షత్రం వేరే దిక్కులు చూపించిన రోజు మీకు ఒక అధ్యాయం దొరికినట్టే. రెండో జాగ్రత్త: ప్రతివారికీ దారిలో అడ్డొచ్చే చేతకానితనం ఒకటి ఇవ్వండి. రుద్రసేనుడికి చదవడం రాదు. చిలకకు నీళ్ళంటే భయం. తాతకు సంధ్య తర్వాత చూపు ఆనదు, చీకటిపడ్డాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సిందే. ఆ చెయ్యి ఎవరిదన్నది అధ్యాయాన్ని బట్టి మారుతూ పోతుంది.

జంటల పట్టిక

ఒక్కో జంటకు ఒక్కో పేజీ కేటాయించి మూడు గళ్ళు గీయండి: అప్పు, గుట్టు, అలవాటు. అప్పు అంటే ఎవరు ఎవరికి ఏం బాకీ పడ్డారో. గుట్టు అంటే ఒకరు ఇంకొకరి దగ్గర దాస్తున్నది. అలవాటు అంటే అడక్కుండానే ఒకరు ఇంకొకరికి రోజూ చేసే చిన్న పని, చెప్పు వారు బిగించడం లాంటిది. కథ మొదట్లో అలవాటు గడి ఖాళీగానే ఉండాలి. అది నిండటమే స్నేహం. చాలా డ్రాఫ్టుల్లో అప్పు గడి మాత్రం పొంగిపొర్లుతుంది, నువ్వు నా ప్రాణం కాపాడావు, నేను నీ ప్రాణం కాపాడాను అంటూ. ప్రాణాలు కాపాడటం నాలుగోసారికి విసుగొస్తుంది. చెప్పు వారు బిగించడం ఇరవైసార్లు వచ్చినా ఎవరికీ విసుగు రాదు.

ఎడారిలో మూడో రాత్రి చూడండి. మొదటి డ్రాఫ్టుల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: చిలక తన వంతు నీళ్ళు తాతకిచ్చింది. అందరి కళ్ళూ చెమర్చాయి. "ఇక మనమంతా ఒకే కుటుంబం" అన్నాడు రుద్రసేనుడు. పాఠకుడు చెయ్యాల్సిన పనంతా పాత్రలే చేసేశాయి. అదే ఘట్టాన్ని ఇలా తిరగరాయొచ్చు:

నాగవల్లి గరిటెతో కొలిచి పోసింది. తలకు నాలుగు గరిటెలు. చిలక తన వంతు తీసుకుని అందరికీ వీపు పెట్టి కూర్చుంది. తెల్లవారాక తాత తన సొరబుర్రను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"రాత్రి దీంట్లో గుక్కెడే మిగిలింది."

"మంచు పడిందేమో తాతా."

"మూత పెట్టిన బుర్రలోనా?"

"వయసైపోయింది నీకు. మర్చిపోయుంటావు. నడు."

ఇక్కడ కృతజ్ఞత మాట రాలేదు, ఆప్యాయత మాట రాలేదు. గరిటె లెక్క ముందే చెప్పాం కాబట్టి ఆ పిల్ల ఎంత ఇచ్చిందో పాఠకుడికి తెలుసు. ఆ లెక్క చెప్పకుండా ఇదే సంభాషణ రాస్తే తేలిపోతుంది. ఇంకో సంగతి, ఇది జరిగాక రెండు అధ్యాయాల వరకు ఎవరూ దీన్ని ప్రస్తావించకూడదు.

కాపలా వంతులు

రాత్రికి నాలుగు జాములు, జాముకు 3 గంటలు. నలుగురు మనుషులు ఉంటే తలా ఒక జాము. ఇది రచయితకు దొరికే మంచి పరికరం, వాడుకునేవాళ్ళే తక్కువ. కాపలా మారేటప్పుడు ఇద్దరే మెలకువగా ఉంటారు, అంటే ఒకటో జాము మనిషి రెండో జాము మనిషితో, రెండో మనిషి మూడో మనిషితో, మూడో మనిషి నాలుగో మనిషితో మాట్లాడతాడు. ఒకటో మనిషికీ నాలుగో మనిషికీ ఒంటరిగా మాట్లాడుకునే వీలే ఉండదు. ఒకరంటే ఒకరికి గిట్టని ఇద్దర్ని ఆ రెండు కొసల్లో పెట్టి పది రోజులు నడిపించండి. తర్వాత ఒకరికి జ్వరం తగిలించి వంతులు మార్చండి. వాళ్ళిద్దరూ నిప్పు దగ్గర మొదటిసారి ఒంటరిగా ఎదురుపడే ఘట్టం బలవంతంగా పెట్టినట్టు ఉండదు.

చావును రాయడానికి కూడా ఈ పట్టికే పనికొస్తుంది. ఒకరు పోయిన రాత్రి ముగ్గురు మనుషులు, నాలుగు జాములు. ఆ మిగిలిన జాము సంగతి ఎవరు ఎత్తుతారు, ఎలా ఎత్తుతారు అన్నది రాస్తే ఏడుపు గురించి వేరే పేరా అక్కర్లేదు.

నిప్పు చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ తమ గతం చెప్పుకునే సీను మాత్రం వద్దు. నలుగురి గతం నలుగురికీ ఒకే రాత్రి తెలిసిపోతే పట్టికలో గుట్టు గడి మొత్తం ఒక్కసారే ఖాళీ అవుతుంది. ఒక గుట్టు ఒకరికే తెలియాలి, అదీ కాపలా మారే వేళ, సగంలో ఆగిపోతూ.

మీరు, నువ్వు

ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారో పట్టికలో నాలుగో గడిగా రాసుకోండి. ఇది పట్టించుకోకపోతే ఆరో అధ్యాయంలో మీరు అన్న మనిషి ఏడులో నువ్వు అంటుంది, తొమ్మిదిలో మళ్ళీ మీరు. కావాలని చేశారో పొరపాటో ఎడిటర్‌కు కూడా తెలియదు. చిలక తాతను మొదటి రోజు నుంచే తాతా అంటుంది, నువ్వు అంటుంది, అందులో విశేషం లేదు. రుద్రసేనుణ్ణి వెటకారంగా దొరగారూ అంటుంది. ఆ పిలుపు ఏ రోజు "అన్నా" అని మారుతుందో మీరు ముందే నిర్ణయించుకోవాలి. రుద్రసేనుడు, నాగవల్లి ఒకరినొకరు మీరు అనుకుంటారు. బాణం తీసి గాయం కుడుతున్నప్పుడు ఆమె నోట "కదలకండి" బదులు "కదలకు" అని వచ్చేస్తుంది. అతను విన్నాడు. ఆ తర్వాత కూడా తను మాత్రం మీరు అనే అంటున్నాడు. ఆ తేడాను రెండు మూడు అధ్యాయాల దాకా అలాగే ఉంచొచ్చు. వ్యాఖ్యానం అక్కర్లేదు.

గ్రాంథికం గురించి ఒక మాట. పాతకాలపు లోకం కదా అని అందరి నోటా ఓయీ, ఏమంటివి, పోవుచున్నాను అనిపిస్తే మూడో పేజీకే తోలుబొమ్మలాట అవుతుంది. ఆ భాషను ప్రమాణాలకు, శాపాలకు, శాసనాలకు అట్టిపెట్టండి.

మజిలీలుగా విడగొట్టడం

నలభై అయిదు రోజుల ప్రయాణంలో పన్నెండు మజిలీలు రాస్తే చాలు. ప్రతి మజిలీలో మూడు జరగాలి: ఏదో ఒకటి ఖర్చవ్వాలి, ఒక కొత్త విషయం తెలియాలి, ఏదో ఒక జంట పేజీలో ఒక గడి మారాలి. మూడూ జరగని మజిలీ ఎంత అందంగా వర్ణించినా కొట్టెయ్యండి. మధ్యలో గడిచిన రోజులకు ఒక వాక్యం సరిపోతుంది, "తర్వాతి ఆరు రోజులూ వాన" లాగ. ఊరు దాటి అడవి, అడవి దాటి కొండ, కొండ దాటి ఇంకో ఊరు, ప్రతిచోటా ఒక రాక్షసుడు అన్న వరస వచ్చిందంటే మీ దగ్గర మజిలీలు లేవు, మైలురాళ్ళున్నాయి.

బృందం కూడటానికి మొత్తం నిడివిలో ఆరోవంతు మించకూడదు. చాలామంది మూడోవంతు అక్కడే ఖర్చుపెట్టేస్తారు. ప్రతినాయకుడి మీద ఇక్కడ పెద్దగా చెప్పాల్సింది లేదు. దారి సరిగ్గా కుదిరితే అతనికి పని తక్కువే ఉంటుంది.

గాయాలకు క్యాలెండర్ పెట్టుకోండి. మామూలు చీలమండ బెణుకు రెండు మూడు వారాలు కుంటిస్తుంది. లోతైన కోత మానడానికి కనీసం రెండు వారాలు, కాలి ఎముక విరిగితే మూడు నెలలు పట్టొచ్చు. నలుగురిలో ఒకరు నడవలేకపోతే ఇద్దరు డోలీ మోస్తారు, మూడోవారి మీద నాలుగు మూటలు పడతాయి, వేగం సగానికి తగ్గుతుంది. చంద్రుణ్ణి కూడా అదే క్యాలెండర్‌లో వెయ్యండి. పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29 రోజులన్నర. నిండు చంద్రుడు సూర్యాస్తమయం వేళ ఉదయిస్తాడు, ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాడు. అర్ధరాత్రి నడినెత్తిన నెలవంకను నిలబెట్టిన నవలలు బోలెడున్నాయి. మీ లోకంలో ఇద్దరు చంద్రులుంటే మీ ఇష్టం. కానీ రాసుకున్న నియమం దాటకండి.

తెగువ ఎక్కడ పెట్టాలి

ఎడారి పటం మీద ఒక గీత గీయండి. అయిదు రోజుల నీళ్ళతో బయల్దేరినవాళ్ళు రెండున్నర రోజులు దాటాక వెనక్కి రాలేరు. ఆ గీతకు ఇవతల ముందుకెళ్దామనుకుంటే అది నిర్ణయం. అవతల ముందుకెళ్తే అది గత్యంతరం లేకపోవడం. రెండో రకాన్ని వీరత్వంగా చూపించడమే ఈ కథల్లో తరచూ జరిగే తప్పు. శత్రువులు చుట్టుముట్టాక పోరాడటంలో ధైర్యం ఉండొచ్చు, కానీ పాత్ర దేన్నీ ఎంచుకోలేదు. అందుకే ముఖ్యమైన మాటలన్నీ గీత దగ్గరికి వచ్చే రోజుకు సర్దండి. రెండో రాత్రి ఒక తోలుతిత్తి చిరిగిపోయి 10 లీటర్లు ఇసుకలో కలిసిపోయాయనుకోండి. తిరిగి వెళ్తే నలుగురూ బతుకుతారు, కొండ అవతలి ఊరికి మందు మాత్రం అందదు. వెళ్దామంటే తలా ఒక గరిటె తగ్గుతుంది. నీళ్ళే అడ్డం కానక్కర్లేదు. మంచుతో మూసుకుపోబోయే కనుమ, వంతెన కూల్చేస్తామన్న గడువు, ఓడ కదిలే వేళ, ప్రతి దారిలో ఇలాంటి గీత ఒకటి ఉంటుంది.

వీరత్వం నమ్మేలా ఉండాలంటే మూడు కుదరాలి. వెనక్కి పోయే దారి తెరిచే ఉండాలి. ఎంత నష్టపోతాడో ఆ మనిషికి ముందే తెలిసుండాలి, పాఠకుడికి ఇంకా ముందే తెలిసుండాలి. లాభం ఇంకొకరికి చేరాలి. పెద్ద త్యాగానికి ముందు చిన్నవి రెండు రావాలి, వాటిలో ఒకదాంట్లో ఆ మనిషి వెనకడుగు వెయ్యాలి. రుద్రసేనుడు మొదటిసారి గ్రామాన్ని వదిలేసి పారిపోతే, రెండోసారి కవచం వదిలేస్తే, మూడోసారి అతనేం చేస్తాడో అన్న ఉత్కంఠకు అర్థం ఉంటుంది. భయం లేని వీరుడితో ఈ పని జరగదు.

దీన్ని పాడుచేసేవి రెండు. ఒకటి జోస్యం. "ఈ బిడ్డే రాక్షసుణ్ణి చంపుతుంది" అని మొదటి పేజీలో చెప్పేస్తే ఆ బిడ్డ చేసే ప్రతి పనీ విధి ఖాతాలోకి పోతుంది. జోస్యం తప్పనిసరైతే ఏం జరుగుతుందో చెప్పనివ్వండి, అందుకు ఎవరు ఏం కోల్పోతారో చెప్పనివ్వకండి. రెండోది చవక మంత్రం. నాగవల్లి చెయ్యి వేస్తే గాయం మానిపోయేటట్టయితే అంతకుముందు రాసిన లెక్కంతా దండగ. మంత్రం ఖర్చు కూడా దారి ఖర్చుతో ఒకే పద్దులో పడాలి. ఒక గాయం మాన్పితే ఆమె మర్నాడంతా స్పృహ లేకుండా పడుంటుంది. ఎడారిలో ఆ ఆలస్యం విలువ 16 లీటర్లు. అప్పుడు వైద్యం చెయ్యాలా వద్దా అన్నది నలుగురూ కలిసి వాదించుకోవాల్సిన విషయం అవుతుంది, గాయపడ్డవాడు వద్దనడం తెగువ అవుతుంది. చచ్చినవాళ్ళను బతికించే మంత్రం అసలే వద్దు.

దిద్దుబాటు

మొదటి డ్రాఫ్టు అయ్యాక ఒక జంటను తీసుకుని, వాళ్ళిద్దరూ ఉన్న పేజీలు మాత్రమే వరసగా చదవండి. ఆరు జంటలకు ఆరు చదువులు. ఎక్కడ సంబంధం గెంతిందో, ఎక్కడ అరవై పేజీలు కదల్లేదో వెంటనే బయటపడుతుంది. తర్వాత అంకెల చదువు: మోత, నీళ్ళు, గాయాల రోజులు, చంద్రుడు. తిరుగు ప్రయాణాన్ని కూడా అప్పుడే చూసుకోవాలి. గమ్యం చేరాక రెండు పేజీల్లో ముగించేస్తే పట్టికలో తేలని అప్పులు అలాగే ఉండిపోతాయి. అన్నీ తేలనక్కర్లేదు, కానీ ఏది మిగిల్చారో మీకు తెలియాలి.

చివరగా సంభాషణల్లోంచి పేర్లు తీసేసి ఒక అధ్యాయాన్ని పైకి చదవండి, లేదా ఇంకెవరితోనైనా చదివించుకుని వినండి. ఏ మాట ఎవరిదో పోల్చుకోలేకపోతే ఆ ఇద్దరిలో ఒకరి మాటతీరు మొదటి నుంచీ మార్చాలి. అదీ కుదరకపోతే ఇద్దర్నీ కలిపి ఒకే మనిషిని చెయ్యండి, నీళ్ళ లెక్క మళ్ళీ వెయ్యండి.